‘ఎక్కడివాడివి?’ – ఒక దరఖాస్తు చరిత్ర

ఉద్యోగాల సైట్లలో ఈమధ్య ఒక తమాషా ప్రకటన తరచూ కనిపిస్తోంది. పైన పెద్దక్షరాల్లో ‘రిమోట్. ఎక్కడి నుంచైనా పనిచేయవచ్చు’ అని ఉంటుంది. ఉత్సాహంగా చదువుకుంటూ నాలుగు పేరాలు దిగేసరికి, చిన్నక్షరాల్లో ‘అమెరికా నివాసులు మాత్రమే’ అనో, ‘మా గడియారానికీ మీ గడియారానికీ నాలుగు గంటలకు మించి తేడా ఉండకూడదు’ అనో తేలుతుంది. ఎక్కడి నుంచైనా అన్న మాటకు అర్థం, మాకు నచ్చిన ఎక్కడి నుంచైనా అని.

చాలామంది మిత్రులకు ఇదొక కొత్త రకం మోసంలా కనిపిస్తోంది. ఖమ్మం జిల్లావాళ్లకు అలా అనిపించకూడదు. పని వచ్చా అని అడిగే ముందు ఎక్కడివాడివి అని అడగటం ఈ ప్రాంతంలో వందేళ్ల నాటి మాట. ఆ ప్రశ్న మీద ఇక్కడ నిరాహార దీక్షలు జరిగాయి, కాల్పులు జరిగాయి, సుప్రీంకోర్టు రెండుసార్లు రెండు రకాలుగా తీర్పు చెప్పింది.

నాకీ చరిత్ర మీద ఆసక్తి పుట్టడానికి సొంత కారణం ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని ఖానాపురం హవేలిలోని మా ఇంటికి వచ్చినవాణ్ని, తిరిగి వెళ్లలేదు. అమ్మ ఒక్కతే ఉంటుంది; ఊరు వదిలి హైదరాబాదు ఫ్లాట్‌లో ఉండమంటే వారం దాటి ఉండదు. ఇప్పుడు కంపెనీ వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రమ్మంటోంది. కాబట్టి రాత్రిపూట కూర్చుని రిమోట్ ఉద్యోగాలకు దరఖాస్తులు తయారుచేస్తున్నాను. ఆత్మవిశ్వాసంతో దరఖాస్తు చేయటం ఎలా అని చెప్పే వీడియోలు నెట్ నిండా ఉన్నాయి. అద్దం ముందు నిలబడి గట్టిగా మాట్లాడమంటాయి, కెమెరాలోకి సూటిగా చూడమంటాయి. చెడ్డ సలహాలేం కావు. కానీ నాకు వాటికంటే పాత కాగితాలే ఎక్కువ పనికొచ్చాయి.

ముందు మా ఊరి పేరు సంగతి. హవేలి అనగానే కొత్తవాళ్లు ఏదో పాత భవంతి ఉంటుందనుకుంటారు. పాత రెవెన్యూ భాషలో హవేలి అంటే వేరు. ముఖ్యపట్టణం చుట్టుపక్కల ఉన్న భూముల్లో, జమీందార్లకో జాగీర్దార్లకో ధారాదత్తం చేయకుండా సర్కారు తన ఖర్చుల కోసం నేరుగా అట్టేపెట్టుకున్నవి హవేలి భూములు. ఉత్తర సర్కారుల గురించి ఈస్టిండియా కంపెనీవాళ్లు రాసుకున్న కాగితాల్లో ఈ మాట పదేపదే వస్తుంది. ఖమ్మాన్ని ఆనుకుని ఉండి, ఇప్పుడు నగరంలోనే కలిసిపోయిన మా ఊరి పేరు కూడా ఆ లెక్కలోదేనని నా అనుకోలు. అంటే కచేరీకి కూతవేటు దూరంలో ఉన్న ఊరన్నమాట. కొలువుకు దగ్గరగా ఉండటం కూడా ఒక అర్హతే అయిన కాలంలో పుట్టిన పేరు.

ఖమ్మం నిజాం రాజ్యంలో, వరంగల్ జిల్లాలో భాగంగా ఉండేది; 1953లో విడి జిల్లా అయింది. ఆ రాజ్యంలో సర్కారీ కొలువుకు కావలసిన మొదటి అర్హత ముల్కీ కావటం. ముల్క్ అంటే దేశం, ముల్కీ అంటే దేశీయుడు. ఉత్తరాది నుంచి, మద్రాసు నుంచి ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు వచ్చి హైదరాబాదు ఉద్యోగాలన్నీ పట్టుకుపోతున్నారన్న గోల పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే మొదలైంది. 1919 ఫర్మానాతో ముల్కీ నిబంధనలు గట్టిపడ్డాయి. బయటినుంచి వచ్చినవాడు ముల్కీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలంటే పదిహేనేళ్లు ఇక్కడ స్థిరంగా ఉండాలి. అదొక్కటే కాదు, తన పాత ఊరికి తిరిగి వెళ్లాలన్న ఆలోచన పూర్తిగా వదులుకున్నానని మేజిస్ట్రేటు ముందు అఫిడవిట్ ఇవ్వాలి.

ఈ రెండో షరతు చదివినప్పుడు చాలాసేపు అక్కడే ఆగిపోయాను. పదిహేనేళ్లు లెక్కపెట్టొచ్చు. తిరిగి వెళ్లాలన్న ఆలోచనను ఎవరు లెక్కపెడతారు? అయినా సర్కారు దానికి ఒక ఫారం తయారుచేసింది. మా తరానికి అలాంటి ఫారం ఎవరూ ఇవ్వలేదు గానీ, హైదరాబాదులో ఇరవయ్యేళ్ల హోమ్‌లోన్ కాగితాల మీద సంతకం పెట్టినప్పుడు మేము ఇచ్చింది ఆ అఫిడవిట్టే అనిపిస్తుంది. రిమోట్ ఉద్యోగం కావాలనుకునేవాడు చేస్తున్నది దానికి సరిగ్గా ఎదురుపని. తిరిగి వెళ్లాలన్న ఆలోచనను వదులుకోకుండానే కొలువు అడుగుతున్నాడు.

1948 పోలీసు చర్య తర్వాత బయటి ఉద్యోగులు మళ్లీ పెద్ద సంఖ్యలో వచ్చారు. వరంగల్‌లో మొదలైన విద్యార్థుల ఆందోళన 1952 సెప్టెంబరులో హైదరాబాదుకు పాకి, కాల్పుల దాకా వెళ్లింది. ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అన్న నినాదం అప్పటిది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేటప్పుడు పెద్దమనుషుల ఒప్పందంలో ఈ రక్షణకు చోటిచ్చారు. పార్లమెంటు 1957లో దానికోసం ఒక చట్టం చేసింది. కాగితం మీద అంతా బాగానే ఉంది. అమలు దగ్గరే వచ్చింది చిక్కు, దానికి రంగస్థలం మా జిల్లానే అయింది.

పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం కడుతున్నారు. మా జిల్లా నేల, మా జిల్లా బొగ్గు; కొలువులు మాత్రం బయటివాళ్లకు పోతున్నాయన్న అసంతృప్తి అక్కడ రాజుకుంది. 1969 జనవరి 8న ఖమ్మంలో అన్నాబత్తుల రవీంద్రనాథ్ అనే డిగ్రీ విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నాడు. తర్వాత జరిగింది మీకు తెలుసు: తెలంగాణ అంతా అంటుకుంది. రాష్ట్రం కోసం జరిగిన పోరాటంగానే 1969ని మనం గుర్తుపెట్టుకుంటాం, అది నిజం కూడా. కానీ మొదటి నిప్పురవ్వ ఉద్యోగ దరఖాస్తులో ఒక గడి దగ్గర పుట్టింది: నివాసం.

ఆ ఏడాదే మార్చిలో సుప్రీంకోర్టు 1957 చట్టంలోని తెలంగాణ నివాస నిబంధన చెల్లదంది. 1972 అక్టోబరులో అదే కోర్టు, నిజాం నాటి ముల్కీ నిబంధనలు మాత్రం చెల్లుతాయంది. రెండో తీర్పుతో ఈసారి ఆంధ్రలో ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చి ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాంతో స్థానికుడంటే ఎవరో చెప్పే పని మేజిస్ట్రేటు నుంచి హెడ్మాస్టరుకు మారింది. పదిహేనేళ్ల నివాసం పోయి, ఎక్కడ చదివావన్నది వచ్చింది. అందుకే నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు మా ఇళ్లన్నింటిలో బీరువాలో పట్టాదారు పాసుపుస్తకాల పక్కనే ఉంటాయి. మా బడి మూతపడేలా ఉందని తెలిసిన రోజు మా వీధివాళ్లు పిల్లల టీసీల కంటే ముందు పాత విద్యార్థుల బోనఫైడ్‌ల కోసం పరుగెత్తారు. గోదావరి పుష్కరాలకు కూడా అంత తొక్కిసలాట చూడలేదు నేను.

ఇవన్నీ అన్యాయమని నేను అనటం లేదు. వెనకబడిన ప్రాంతానికి రక్షణ కావాలి. అది లేకపోతే ఏం జరుగుతుందో పాల్వంచ చూపించింది. నేను చూస్తున్నది వేరే విషయం. మూడు తరాలుగా ఈ జిల్లాలో దరఖాస్తు తయారుచేసుకోవటం అంటే నేను ఫలానాచోటివాణ్నని రుజువులు పోగుచేసుకోవటమే అయింది. నాకు ఫలానా పని వచ్చు అని రాయటం మనకు అలవాటు కాలేదు. దాన్ని పరీక్ష చూసుకుంటుంది, మార్కులు చూసుకుంటాయి. మనం చేయాల్సిందల్లా గడులు నింపి, జిరాక్సులు జతచేసి, గెజిటెడ్ సంతకం పెట్టించటం.

భాష కూడా దానికి తగ్గట్టే తయారైంది. నిజాం రాజ్యంలో 1880ల దాకా ఫార్సీ, తర్వాత ఉర్దూ కచేరీ భాషలు. దరఖాస్తు, అర్జీ, సిఫారసు, నకలు, మంజూరు, బర్తరఫ్ – కొలువు అడగటం నుంచి ఊడటం దాకా మన మాటలన్నీ ఆ కచేరీ నుంచి వచ్చినవే. గోదావరి అవతల భద్రాచలం కథ ఇంకోలా నడిచింది. 1860లో నిజాం ఆ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు వదిలేశాడు. అది కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, 1874 తర్వాత మద్రాసు రాజధానిలో ఉండి, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. అంటే నదికి ఇటువైపు అర్జీ ఉర్దూలో, అటువైపు ఇంగ్లీషులో. ఏ భాషలో రాసినా సారం ఒక్కటే: ఏలినవారి దయ, తమ విధేయుడు, కుటుంబాన్ని బతికించ ప్రార్థన. నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మాకు నేర్పిన ‘రెస్పెక్టెడ్ సర్’, ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ ఆ వంశంలోవే. అడిగే మనిషి తాను ఎంత చిన్నవాడో చెప్పుకోవాలి. ఏం చేయగలడో చెప్తే గర్వం.

ఇక్కడ ఒక పక్కదారి. ఉద్యోగం అన్న మాటకు సంస్కృతంలో కొలువు అన్న అర్థం లేదు. ప్రయత్నం, సన్నాహం అని అర్థం. భారతంలో ఉద్యోగపర్వం అంటే కౌరవుల ఆఫీసులో ఎవరికో పోస్టు దొరికిన పర్వం కాదు, యుద్ధానికి ముందు జరిగిన ప్రయత్నాల పర్వం. తెలుగులోకి వచ్చేసరికి ప్రయత్నం పోయి జీతం మిగిలింది. పాత అర్థంలో చూస్తే నేను ఇప్పుడు చేస్తున్నదే ఉద్యోగం.

సరే. రిమోట్‌గా పనిచేసి, ఆ పని చూపించి కొలువు అడిగిన తెలుగువాడు మన చరిత్రలో ఎవరైనా ఉన్నారా అని వెతుక్కుంటూ పోతే నాకు దొరికినవాడు కావలి వెంకట లక్ష్మయ్య.

ఏలూరుకు చెందిన కావలి సోదరుల కథ సాహిత్య చరిత్ర చదివినవాళ్లకు కొంత తెలిసే ఉంటుంది. పెద్దవాడు బొర్రయ్య 1790లలో కాలిన్ మెకంజీ దగ్గర చేరాడు. మెకంజీ కంపెనీ సైన్యంలో ఇంజనీరు, సర్వేయరు. దక్షిణ దేశపు చరిత్ర మొత్తం పోగుచేయాలన్న పిచ్చి ఉన్నవాడు. దానికి కావలసిన భాషలు మాత్రం ఒక్కటీ రావు. బొర్రయ్య దొరికిన తర్వాతే తనకు ఈ దేశపు విద్యల వాకిలి తెరుచుకుందని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. 1803లో, ఇరవై ఏడేళ్లయినా నిండకుండానే బొర్రయ్య చనిపోయాడు. ఆ బాధ్యత తమ్ముడు లక్ష్మయ్య మీద పడింది.

లక్ష్మయ్య నడిపిన పద్ధతి చూస్తే సాఫ్ట్‌వేర్‌వాడికి ఆశ్చర్యం వేస్తుంది. తెలుగు, తమిళం, కన్నడం, మరాఠీ తెలిసిన మనుషులు ఊళ్లు తిరుగుతుంటారు. గ్రామ కరణాల దగ్గర కవిలెలు, గుళ్లలో శాసనాలు, ముసలివాళ్ల నోట కైఫీయతులు సేకరిస్తారు. ప్రతి ఒక్కడూ దినచర్య రాయాలి: ఏ రోజు ఏ ఊళ్లో ఉన్నాను, ఎవర్ని కలిశాను, ఏం దొరికింది, ఏది ఇవ్వనన్నారు, ఎందుకు ఇవ్వనన్నారు. ఆ నివేదికలు టపాలో వస్తే, చదివి, అనువదించి, పైకి పంపించాలి. 1811లో మెకంజీ జావా దండయాత్రకు వెళ్లి దాదాపు రెండేళ్లు అక్కడే ఉండిపోయాడు. యజమాని సముద్రానికి అవతల. పని మాత్రం ఆగలేదు. ఒకే గదిలో కూర్చోని మనుషులు, ఒకరి ముఖం ఒకరు నెలలకొద్దీ చూడని మనుషులు, రాతను మాత్రమే నమ్ముకుని ఒక ప్రాజెక్టు నడిపారు. ఊరి పెద్దలు వీళ్లను చూసి భయపడేవారు కూడా. పన్నులు పెంచటానికి వచ్చిన గూఢచారులేమోనని. కాగితం చేతిలో పెట్టుకుని వచ్చేవాణ్ని చూస్తే మనవాళ్లకు ఉండే భయం కొత్తదేం కాదు.

మెకంజీ 1821లో చనిపోయాడు. ఆయన పోగుచేసినదాన్ని కంపెనీ ప్రభుత్వం లక్ష రూపాయలకు ఆయన భార్య దగ్గర కొంది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో దానికి ఒక జాబితా అచ్చువేశాడు: 8,076 శాసనాల నకళ్లు, 6,218 నాణేలు, వేలకొద్దీ రాతప్రతులు, స్థానిక చరిత్రలు. పేరు మెకంజీ కలెక్షన్.

లక్ష్మయ్య ఊరుకోలేదు. ఈ పని సగంలో ఆగిపోయింది, దీన్ని నేను కొనసాగిస్తాను అని 1830లలో ప్రభుత్వానికి ప్రతిపాదన పెట్టాడు. నా దృష్టిలో ఇది మన భాషలో ఎవరో ఒకరు ఎప్పుడో నాటకం రాయాల్సిన ఘట్టం. అది ప్రార్థన కాదు, పథకం. ఇంతకాలం నేను చేసింది ఇది, ఇకముందు చేయాల్సింది ఇది, ఇలా చేస్తాను అన్న మనిషి మాట. ప్రభుత్వం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయం అడిగింది. సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. ఆ మరుసటేడాదే బ్రాహ్మీ లిపిని ఛేదించి చరిత్రకెక్కిన మేధావి. 1836లో ఆయన ఇచ్చిన అభిప్రాయం సారాంశం ఇది: లక్ష్మయ్య సమర్పించిన నమూనా చూసినా సరే, అసలు ఏ దేశీయుణ్ని తీసుకున్నా సరే, ఇంత పనికి సరిపోతారని చెప్పటం కష్టం. పని విలియం టేలర్ అనే మిషనరీ చేతికి వెళ్లింది.

ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్నవాడికి వచ్చిన రిజెక్షన్ అది. ఆ వాక్యంలో రెండో భాగం చూడండి. లక్ష్మయ్య రాసిన నమూనా బాగాలేదంటే, అది వాదించదగ్గ విషయం. ‘ఏ దేశీయుడైనా’ అన్న దగ్గర వాదనకు తలుపు మూసేశారు. ముల్కీ నిబంధనకు ఎనభై ఏళ్ల ముందే, తలకిందులుగా, అదే ప్రశ్న: ఎక్కడివాడివి? హైదరాబాదులో ముల్కీ అయితేనే కొలువు. కలకత్తాలో ముల్కీ కాకుండా ఉంటేనే కొలువు.

చరిత్రకారులు లక్ష్మయ్య గురించి రెండు రకాలుగా మాట్లాడతారు. కంపెనీ తన పాలన కోసం వాడుకున్న పనిముట్లలో ఈ సహాయకులూ భాగమేనని, వాళ్ల గొంతు క్రమంగా అణిగిపోయిందని నికొలస్ డర్క్స్ లాంటివాళ్ల వాదన. అలా కాదు, ఆధారాన్ని పరీక్షించటం, శాసనాన్ని కథనుంచి విడదీసి చూడటం లాంటి పద్ధతుల్ని తయారుచేయటంలో వీళ్లకు సొంత పాత్ర ఉందని ఫిలిప్ వాగనర్, రమా మంతెన చూపిస్తారు. నాకు రెండోదే సరైందనిపిస్తుంది. అయితే మొదటివాళ్లు చెప్పేదాంట్లో ఒక నిజం పదునుగా ఉంది: పని లక్ష్మయ్యది, బీరువా మెకంజీది. థామస్ హిక్కీ 1816లో వేసిన మెకంజీ చిత్రపటంలో పక్కన ముగ్గురు భారతీయులు నిలబడి ఉంటారు. వాళ్లెవరన్నది ఈనాటికీ పండితులు ఊహించి చెప్తున్నదే.

దరఖాస్తు రాసుకుంటున్న నాకు ఇక్కడే దారి కనిపించింది. లక్ష్మయ్యకు ధైర్యం తక్కువై ఉద్యోగం రాకపోలేదు. తోసిపుచ్చితే చాలు తన విలువ తగ్గిపోయిందని నమ్మే మనిషి మద్రాసులో హిందూ లిటరరీ సొసైటీ నడపడు, ఈయన నడిపాడు. లోపం ఎక్కడంటే, ముప్పయ్యేళ్ల పని అంతా ఇంకొకరి పేరున ఉన్న బీరువాలో ఉండిపోవటం. పదకొండేళ్లుగా నేను రాసిన ప్రోగ్రాములు కూడా అలాగే కంపెనీల తాళాల వెనక ఉన్నాయి. దూరాన కూర్చుని నా దరఖాస్తు చదివే మనిషికి వాటిలో ఒక్క వరస కూడా కనిపించదు. మాధాపూర్‌లో ఇంటర్వ్యూకు వెళ్తే మన మాటతీరు, పాత సహోద్యోగి వేసే ఒక మంచిమాట, పేరున్న కంపెనీ బ్యాడ్జీ సగం పని చేసిపెడతాయి. దూరాన ఉన్నవాడికి అవేవీ చేరవు. చేరేది రాత ఒక్కటే.

రిమోట్ పని అన్నది 2020లో ఊడిపడ్డట్టు మాట్లాడతాం గానీ, దాని ఆధునిక చరిత్ర కూడా యాభై ఏళ్లది. 1973లో జాక్ నిలెస్ అనే అమెరికన్ ఇంజనీరు, ఉద్యోగిని ఆఫీసుకు తరలించే బదులు పనినే ఉద్యోగి దగ్గరకు తరలిస్తే పెట్రోలు, సమయం మిగులుతాయని లెక్కకట్టి ‘టెలికమ్యూటింగ్’ అన్న మాట వాడాడు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో మేడమీద శాటిలైట్ డిష్ పెట్టి డిజైన్లు అమెరికాకు పంపించింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక హైదరాబాదు చేసిందీ అదే. ఆలోచిస్తే మన ఐటీ అంతా మొదటినుంచీ రిమోట్ పనే. క్లయింటుకు మనం పదివేల మైళ్ల దూరంలో ఉన్నా ఫర్వాలేదు, మేనేజరుకు మాత్రం పది అడుగుల దూరంలో ఉండాలి! బీపీవోలు ఉద్యోగి ఇంటినుంచి పని చేయించుకోవాలంటే టెలికాం శాఖ నిబంధనలు సవాలక్ష అడ్డుపడేవి. 2020 నవంబరులో గానీ వాటిని సడలించలేదు. ఆ డిసెంబరులోనే ఖమ్మంలో ఐటీ హబ్ తెరిచారు. మంచిదే, సంతోషం. కానీ అదీ ఒక బిల్డింగే.

ఇక నా తయారీ. మొదటి పని, రెజ్యూమేలో ‘మేము’ అన్నచోటల్లా ఆగటం. మనవాళ్లం చేసిన పని చెప్పమంటే ‘టీమ్‌కు సహకరించాను’, ‘బాధ్యతల్లో పాలుపంచుకున్నాను’ అంటాం. అది వినయం కావచ్చు, తమ విధేయుడు అలవాటూ కావచ్చు. చదివేవాడికి మాత్రం దాంట్లో మనిషి కనిపించడు. రాత్రి ఆరు గంటలసేపు నడిచే ఒక చెల్లింపుల లెక్కను నలభై నిమిషాలకు తెచ్చాను నేను. దాన్ని ‘పెర్ఫార్మెన్స్ మెరుగుదలలో సహకారం’ అని రాసి ఉంచాను మొన్నటిదాకా. ఇప్పుడు లక్ష్మయ్య మనుషుల దినచర్యలాగా రాస్తున్నాను: సమస్య ఎక్కడుంది, మొదట ఏం ప్రయత్నించాను, అది ఎందుకు పనికిరాలేదు, చివరికి ఏం మార్చాను, ఏది ఇప్పటికీ మిగిలిపోయింది. కంపెనీ రహస్యాలు బయటపెట్టకుండా ఇవన్నీ రాయొచ్చు. రెండు పేజీల్లో సరిపోతుంది. ఇవ్వనన్న కవిలె సంగతి కూడా నివేదికలో రాయటమే ఆ దినచర్యలకు విశ్వసనీయత తెచ్చింది. అంతా విజయమే అని రాసుకున్న రెజ్యూమేను నేనైతే నమ్మను, ఇంటర్వ్యూలు చేసిన అనుభవంతో చెప్తున్నా.

రెండోది, నా పేరున్న బీరువా ఒకటి కట్టుకోవటం. 2005లో లినస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్ అనే పనిముట్టు ప్రతి మార్పు పక్కన రాసినవాడి పేరు, సమయం నమోదు చేస్తుంది. ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులో మూడు చిన్న దోషాలు సరిదిద్దినా సరే, ఆ మూడింటి పక్కన పేరు ఉంటుంది. హిక్కీ చిత్రంలో నిలబడ్డవాళ్లకు లేని సౌకర్యం ఇది. అయితే దీన్ని మరీ నెత్తినెక్కించుకోనక్కర్లేదు. ఇంటిపని, పిల్లల పని నెత్తిమీద ఉండి సాయంత్రాలు ఖాళీ దొరకనివాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఈ ఉచిత పని ఎక్కడ చేస్తారు? వాళ్లకు ఆ రెండు పేజీల నివేదికే బీరువా. దాన్ని చదివే ఓపిక కంపెనీకి ఉండాలి.

మూడోది, ఎక్కడివాడివి అన్న ప్రశ్నకు జవాబు. చాలామంది దాన్ని దాటేస్తారు, లేదా హైదరాబాద్ అని రాస్తారు. నేను దరఖాస్తు మొదట్లోనే రాసేస్తున్నాను: ఖమ్మంలో ఉంటాను, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా దొరుకుతాను, రెండు నెట్ కనెక్షన్లు, నాలుగు గంటలు నిలిచే ఇన్వర్టరు ఉన్నాయి. అడగకముందే చెప్తే అది సంజాయిషీ కాదు, సమాచారం. అమెరికా నివాసులు మాత్రమే అన్నచోట పెట్టటం లేదు. పన్నులు, చట్టాల కారణంగా కొన్ని కంపెనీలు నిజంగానే తీసుకోలేవు. కొన్నింటికి అది ప్రిన్సెప్ వాక్యానికి మర్యాదైన రూపం. రెండింటికీ తేడా బయటినుంచి తెలియదు. తెలుసుకోవటానికి ఒక సాయంత్రం ఖర్చుపెట్టటం దండగ.

జీతం దగ్గర ఆ ప్రశ్న మళ్లీ వస్తుంది. ఆఫీసే లేని కంపెనీగా పేరున్న గిట్‌ల్యాబ్, ఉద్యోగి ఉండే ప్రాంతాన్ని బట్టి జీతాన్ని తగ్గించే సూత్రాన్ని దాచకుండా ప్రకటించింది. బేస్‌క్యాంప్‌వాళ్లు ఎవరు ఎక్కడున్నా సాన్‌ఫ్రాన్సిస్కో లెక్కే అన్నారు. ఊరిని బట్టి హెచ్చార్యే మారే దేశంలో పెరిగినవాళ్లం కాబట్టి మొదటిది మనకు వింతగా అనిపించదు, దానికి చటుక్కున తలూపేస్తాం. నేను ఊపదల్చుకోలేదు. చేసే పనికి ఒక ధర చెప్పి, ఊరి పేరు మీద తగ్గింపు అడిగితే, ఆ తగ్గింపుకు కారణం రాతపూర్వకంగా అడుగుతాను. ఇచ్చిన జవాబును బట్టి వాళ్లతో పనిచేయాలో లేదో నాకే తెలుస్తుంది.

పోయిన నెలలో తొమ్మిది దరఖాస్తులు పంపాను. ఐదింటికి జవాబు లేదు. రెండు మర్యాదగా కాదన్నాయి. ఒక కంపెనీ వీడియోలో పిలిచి, పది నిమిషాలయ్యాక నా గది గోడ వైపు చూస్తూ, పెద్ద నగరానికి మారే ఆలోచన ఏమైనా ఉందా అని అడిగింది. లేదన్నాను. తొమ్మిదోవాళ్లు వీడియోనే వద్దన్నారు. వాళ్ల ఇంటర్వ్యూ అంతా రాతలోనే: నా రెండు పేజీల నివేదిక చదివి, ఏడు ప్రశ్నలు పంపి, మూడు రోజులు గడువిచ్చారు. ఆరో ప్రశ్న, మొదట ప్రయత్నించి వదిలేసిన పద్ధతి గురించి. దాన్ని వదిలేయటం తొందరపాటేమో, ఇంకో నెల కొలిచి చూడాల్సిందేమో అంటూ అంకెలతో సహా నిలదీశారు. జవాబు నాలుగు పేరాలైంది. నిన్న రాత్రి పదకొండింటికి పంపించాను, వాళ్లకు అప్పుడు ఇంకా సాయంత్రమే.